ఎవరూ పోని ఇంటికి పిండి

నేను ఒక ఇత్తడి గుండిగను. అలాగని పెళ్ళిలో పప్పుచారు కాచి మర్నాడు అటకెక్కి నిద్రపోయే రకాన్ని కాను. అజ్జరంలో ముగ్గురు కంచరులు నన్ను ఏడు రోజులు సాగగొట్టారు. ఆ చప్పుడుకి పిడుగు ఎక్కడ పడిందో చూసుకోడానికి తణుకు నుంచి జనం వచ్చారు. ఎనిమిదో రోజున వాళ్ళ చేతులు చూసి జాలేసి, ఇక చాలించండయ్యా అని నేనే అన్నాను. నేను చెప్పేదాంట్లో సగం నిజం. తక్కిన సగం అంతకన్నా నిజం.

నన్ను కొన్నది గోదావరి లంకల్లో ఒక ఊరి చర్చి స్త్రీల సమాజం. వంటకి కాదు. చర్చి వరండాలో మూతపెట్టి కూర్చోబెట్టారు. ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. ఆ గుప్పెడు దేవుడిది. ఆదివారం ఆ డబ్బా తెచ్చి నాలో ఒంపుతుంది. ఉన్నవాళ్ళదీ గుప్పెడే, లేనివాళ్ళదీ గుప్పెడే. కాకపోతే మేడల్లో ఉండేవాళ్ళ చేతులు ఎందుకో కాస్త చిన్నవి. నాట్లేసే వాళ్ళ చేతులు చేటలంత. ముప్పై ఏళ్ళు నోరు తెరుచుకుని చూసి చెబుతున్న మాట ఇది.

ఆ బియ్యం పక్క టౌనులోని బైబిలు బడికి వెళ్ళేది. పల్లెటూరి సంఘాలు నడిపేవాళ్ళకు అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళు. ముప్పై ఏళ్ళు చెప్పి రిటైరైన వేదమణి టీచరు ఒక ఆదివారం చేతిలో ఉత్తరంతో మా వరండాకి వచ్చింది. రాసింది లింబానీ. ఆఫ్రికాలో మలావీ దేశం నుంచి వచ్చి, ఆ బడిలోనే చదువుకుని వెళ్ళిన మనిషి. తన ఊళ్ళో తనూ ఒక బైబిలు బడి పెట్టాడు. అక్కడ పద్నాలుగు ఊళ్ళకు ఒక పాస్టరు. తక్కిన చోట్ల చెవిన పడినంత మేరకు ఎవరికి వాళ్ళే బోధ చేస్తున్నారు. కానీ బడి నిలవడం లేదు. విద్యార్థులకు తిండి లేదు.

"ఎంతసేపండీ, బియ్యం పంపేద్దాం!" అంది సమాజం ప్రెసిడెంటు సంతోషమ్మ.

"ఎలా పంపుతావే? గోదాట్లో పడవేసుకుని తోసుకుంటా పోతావా?" అంది ఒకామె వెనక నుంచి.

"మరేం చేద్దామంటావ్? ప్రార్థన చేసేసి కొంగు దులుపుకుని లేచిపోదామా?"

వేదమణి టీచరు నా అంచు మీద చెయ్యి వేసింది. "నేనెళ్తానమ్మా. రెండేళ్ళు పాఠం చెప్పొస్తాను. ఈ గుండిగ ఇప్పించండి."

"గుండిగెందుకండీ బాబూ? అక్కడ గిన్నెలే ఉండవా?"

"గిన్నెలుంటాయే. వరండాలో కూర్చోడం వచ్చిన గిన్నె ఉండదు."

సంతోషమ్మ దగ్గరుండి నాకు కొత్త కళాయి పూయించింది. నా కడుపులో టీచరు చీరలు, పుస్తకాలు, ఆవకాయ జాడీ సర్దారు. ఎయిర్‌పోర్టులో మిషను నన్ను మింగలేక కక్కేసింది. విమానం ఎక్కాక నేనున్న వైపుకి ఒరిగిపోతుంటే పైలటు ప్రయాణికులందరినీ అవతలి పక్కకి జరిగి కూర్చోమన్నాడు. నమ్మకపోతే టీచరునే అడగండి. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంది కాబట్టి చూడలేదంటుంది.

లింబానీ బడి ఒక కొండ కింద ఉంది. ఇటుక గోడలు, రేకుల కప్పు, నల్లబల్ల, పందొమ్మిది మంది విద్యార్థులు. మేము వెళ్ళింది నవంబరులో. పది రోజుల్లో నాకు వాళ్ళ చిచేవా భాష వచ్చేసింది. టీచరుకి ఏడాది పట్టింది. మనుషులు మాట్లాడుతూ నేర్చుకుంటారు కాబట్టి ఆలస్యం. నేను వింటూ నేర్చుకున్నాను.

విన్నదేమిటంటే, ఆ బడి పెట్టి పదకొండేళ్ళు. ఒక్క తరగతీ ముగియలేదు. చదువు ఏటా జూన్‌లో మొదలై మే నెలలో అయిపోవాలి. కానీ అక్కడ మొక్కజొన్న కోతకొచ్చేది ఏప్రిల్‌లో. జనవరి వచ్చేసరికి గాదెలు అడుగంటుతాయి. దాన్ని ఆకలి కాలం అనే అంటారు. ఆ నెలలో విద్యార్థులు ఒక్కొక్కరే మూట కట్టుకుని ఇంటికి నడుస్తారు. మళ్ళీ జూన్‌లో వచ్చి మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు.

"నేను రావడం ఇది మూడోసారి టీచర్," అన్నాడు మటేయు అనే విద్యార్థి. నలభై ఏళ్ళ మనిషి, కొండ అవతల ఊళ్ళో సంఘ పెద్ద. "ఆదికాండం అప్పజెప్పమంటే నిద్రలో కూడా చెబుతా. కానీ మూడుసార్లూ ఐగుప్తుదాకానే వెళ్ళాను. అక్కణ్ణించి మా సంఘం ఇంకా బయటపడలేదు."

అందరూ నవ్వారు. లింబానీ నవ్వలేదు. పై సంఘం వాళ్ళు ఆయనకు కబురు పెట్టారు. ఈ ఏడు కూడా తరగతి మధ్యలో ఆగిపోతే బడి ఎత్తేసి, ఆ కట్టడాన్ని పొగాకు గోదాముకి ఇచ్చేస్తారట.

జనవరిలో అన్నంత పనీ అయింది. ఒక శుక్రవారం సాయంత్రం గాదె అడుగున చీపురు ఆడిన చప్పుడు వినబడింది. మటేయు మూట బిగించడం మొదలుపెట్టాడు.

వేదమణి టీచరు వెళ్ళి లింబానీని నిలదీసింది. "ఊళ్ళో వాళ్ళనడిగావా?"

"వాళ్ళకే లేదు అమ్మగారూ. ఏ మొహంతో అడగను?" మాతో తెలుగులోనే మాట్లాడేవాడు, కొంచెం కుంటుతూ.

"మా దగ్గర మూడేళ్ళు తిన్నావే, ఆ అన్నం ఎవరిచ్చారనుకున్నావ్?"

ఆయనకు ఆ మాట అడగాలని ఎప్పుడూ తోచలేదట. తినేవాళ్ళకు తోచదు లెండి.

శనివారం పొద్దున్నే టీచరు నన్ను బూడిదతో తళతళా తోమి, మటేయు చేత మోయించి, ప్రార్థనా మందిరం గుమ్మం ముందు పెట్టించింది. లంకల్లో మాదిరిగానే. ఆదివారం ఆరాధన అయ్యాక గుప్పెడు సంగతి అందరికీ వివరంగా చెబుదామని ఆవిడ ఆలోచన.

ఆవిడకు తెలియంది ఒకటుంది. ఆ సీమలో అంత పెద్ద పాత్ర గుమ్మంలోకి వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు. వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టాలి కదా. అలాంటప్పుడు ఊరి ఆడవాళ్ళు తలా ఒక పళ్ళెం మొక్కజొన్న పిండి, కాసిని కట్టెలు నెత్తిన పెట్టుకుని వస్తారు. పిలవక్కర్లేదు. నీళ్ళకు వెళ్తున్న ఒకామె నన్ను చూసింది. బిందె అక్కడే దించేసి వెనక్కి పరిగెత్తింది.

గంట తిరక్కుండా నలభై మంది ఆడవాళ్ళు శోకం పాట పాడుకుంటూ దిగారు. నెత్తిన పళ్ళేలు, చంకల్లో కట్టెలు. వెనక మగవాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకున్నారు. నలుగురు పారలు కూడా తెచ్చి, గొయ్యి ఏ వైపు తవ్వాలని మటేయుని నెమ్మదిగా అడిగారు.

వేదమణి టీచరు బయటికొచ్చి ఆ పిండి పళ్ళేలు చూసింది. ఇంకేం, మొహం చాటంత అయింది. అడక్కుండానే దేవుడు పంపాడనుకుంది. ఒక్కొక్కరికీ ఎదురెళ్ళి చేతులు పట్టుకుని పకపకా నవ్వుతూ థాంక్స్ చెప్పడం మొదలుపెట్టింది. పాట ఆగిపోయింది. చావింట్లో నవ్వే మనిషిని వాళ్ళు చూడటం అదే మొదటిసారి.

లింబానీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, నవ్వకండి! నవ్వకండి!"

"ఎందుకయ్యా? చూడు, అడక్కుండానే తెచ్చారు!"

"ఎవరో పోయారనుకుని తెచ్చారు!"

"అయ్యో! ఎవరు పోయారు?"

"వాళ్ళూ అదే అడుగుతున్నారండీ!"

టీచరు మొహంలో రక్తం లేదు. ఇత్తడిని కాబట్టి నేను పాలిపోలేదు గాని, లోపల కళాయి కరిగిపోయింది.

ఆడవాళ్ళలోంచి నసిబెకో అవ్వ ముందుకొచ్చింది. ఆ ఊరికి ఆవిడ మాటే మాట. నాలోకి తొంగి చూసింది. "ఖాళీ," అంది. తర్వాత లింబానీ వైపు తిరిగింది. "శవమేదిరా?"

లింబానీ తల వంచుకున్నాడు. "శవం లేదవ్వా. సోమవారానికి ఉంటుంది. బడి పోతోంది. పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ ఇదే నెలలో పోతోంది. పిల్లలకు పెట్టడానికి నా దగ్గర లేదు. మీ గాదెలూ ఖాళీయే కదా అని అడగలేకపోయాను."

"అంటే వీళ్ళు ఏటా మా గుమ్మాల ముందు నుంచి మూటలతో పోతున్నది ఆకలికా?"

"ఆకలికే."

"మేం చదువు ఎక్కక పారిపోతున్నారనుకున్నాంరా! మొద్దులని నవ్వుకున్నాం కూడా!" అవ్వ తన పళ్ళెం దించింది. చావుకని తెచ్చిన పిండిని తిరిగి ఇంటికి మోసుకెళ్ళడం అక్కడ ఎవరికీ ఇష్టం ఉండదు. "పోయాక తెస్తే తినేదెవరు? పోకముందే వచ్చాం, అదే మేలు. గరిట పట్టుకురండి."

పళ్ళెం నాలో ఒంపింది. వెనక ముప్పై తొమ్మిది పళ్ళేలు. పారలు తెచ్చిన నలుగురూ ఊరికే పోవడమెందుకని పొయ్యి తవ్వారు.

అప్పుడు టీచరు ధైర్యం తెచ్చుకుని, లింబానీ మాట అందిస్తుంటే, పిండిలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టి చూపించింది. వండబోయే ముందు, రోజూ, ఇంటికి ఇంత. అంతే.

నసిబెకో అవ్వ ఆ గుప్పెడు కేసి చూసింది. "పోయినవాడికి పళ్ళెం నిండా ఇస్తాం. బతికున్నవాడికి గుప్పెడు చాలంటావు. మీ దేశంలో బతకడం చవకే టీచరమ్మా!" ఊరంతా ఘొల్లుమంది. శోకానికి వచ్చిన జనం అలా నవ్వడం ఆ కొండ కూడా మొదటిసారి విన్నది. కొంచెం పక్కకి జరిగింది కూడా, నేను చూశాను.

ఇక ప్రతి ఉదయం ఆడవాళ్ళు నీళ్ళకెళ్తూ తమ గుప్పెడు నాలో వేసేవాళ్ళు. విద్యార్థులు పాఠం అయ్యాక వాళ్ళ చేలల్లో కలుపు తీసేవాళ్ళు. ఫిబ్రవరిలో ఏరు పొంగి అవతలి గడ్డ వాళ్ళు ఎనిమిది రోజులు రాలేకపోయారు. రెండు పూటలు ఒక పూట అయింది. ఒకరోజు గుమ్మడాకులు తప్ప ఏమీ లేవు. ఆ మర్నాడు మటేయు మళ్ళీ మూట భుజాన వేసుకుని దారి పట్టాడు. నసిబెకో అవ్వ దారికి అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికి?"

"ఇంటికవ్వా. ఇక నావల్ల కాదు."

"వెళ్ళు. కానీ నీ కడుపులో నా పిండి ఉంది. అది ఇచ్చి వెళ్ళు."

"ఎలా ఇవ్వనవ్వా?"

"ఇవ్వలేవు కదా? అయితే చదువయ్యేదాకా ఆ కడుపు నాది. అది ఇక్కడే ఉంటుంది. తక్కినవాడివి నువ్వెక్కడికైనా పో."

మటేయు మూట తెచ్చి మళ్ళీ మంచం కింద పెట్టాడు. ఆ వారం తరగతి ఐగుప్తు దాటింది. మార్చిలో ఎడారీ దాటారు. ఏప్రిల్‌లో మొక్కజొన్న పొత్తులొచ్చాయి. మే నెలాఖరుకి ఆఖరి పేజీ చదివారు.

పట్టాల పండగ నాడు పై సంఘం పెద్దలు ముగ్గురు కారులో దిగారు. పందొమ్మిది మందీ తెల్ల చొక్కాలతో వరసగా నిలబడ్డారు. నేను తెల్లవారకముందు నుంచి పొయ్యి మీదే ఉన్నాను. ఆ రోజు నేను వండింది తిని మూడు ఊళ్ళ వాళ్ళు ఆదివారం దాకా పొయ్యి వెలిగించలేదు.

లింబానీ మొదటి పట్టా చేతిలోకి తీసుకుని, ఆగిపోయాడు. "అయ్యా, ముద్ర?"

పెద్దల దగ్గర ముద్ర లేదు. తేవడం మర్చిపోయారని కాదు, అసలు చేయించనే లేదు. పదకొండేళ్ళుగా ఒక్కడూ చదువు ముగించకపోతే ముద్ర అవసరం ఎవరికి తోచింది?

"ముద్ర లేని పట్టా చెల్లదు. టౌనులో చేయించి మళ్ళీ నెల పంపుతాం," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

పందొమ్మిది చొక్కాల్లో గాలి పోయింది. వేదమణి టీచరు నోరు తెరిచేలోపు నసిబెకో అవ్వ కర్ర పోటేసుకుంటూ లేచింది.

"వీళ్ళు ఇక్కడ చదివారో లేదో చెప్పడానికే కదా ముద్ర?"

"అవునమ్మా."

"అది తెలిసింది దీనికే." అవ్వ నా దగ్గరికి వచ్చి, పొగలు కక్కుతున్న నా పొట్ట కింద బొటనవేలు రాసి, చురుక్కుమన్నా ఓర్చుకుని, మటేయు పట్టా మీద గట్టిగా నొక్కింది. నల్లగా, నిండుగా పడింది మసి ముద్ర. "కాదన్నవాడు వచ్చి తుడిపెయ్యమనండి."

పెద్దాయన ఆ ముద్రను వేలితో రుద్ది చూశాడు. ఇత్తడి గుండిగ మసి, పోతుందా? ఆయన వేలే నల్లబడింది. ఆ వేలు చూసుకుని ఆయనకే నవ్వొచ్చింది. మిగతా పట్టాలు తనే పట్టుకుని అవ్వకి అందించాడు. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఆడవాళ్ళు నాలుకలు ఆడించి వేసిన కేకలకు రేకుల కప్పు రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చుంది.

ఆ పందొమ్మిది మందీ ఇప్పుడు పందొమ్మిది ఊళ్ళలో ఉన్నారు. మందిరాల గోడల మీద అద్దం వెనక నా మసి ఉంది. ఆ గుమ్మాల ముందు ఒక కుండో, బకెట్టో, ఏదో ఒకటి నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుందట. వేదమణి టీచరు రెండేళ్ళయ్యాక సెలవు తీసుకుంటూ నన్ను ముట్టుకుని చూసుకుంది గాని, తీసుకెళ్ళే మాట ఎత్తలేదు. ఎత్తినా ఊరు ఒప్పుకోదు.

బడికి తర్వాత మంచి ఇత్తడి ముద్ర ఒకటి పంపారు. బీరువాలో ఉంది. ఏటా మే నెల రాగానే లింబానీ వంటవాళ్ళను పిలిచి ఒకటే మాట చెబుతాడు: "గుండిగని లోపల ఎంతైనా కడగండి. పట్టాలు అయ్యేదాకా అడుగు మాత్రం తోమకండి."