తోటికోడలి ఏడాది ప్లాను

నాగదుర్గ గోడకి అంటించిన చార్టు చూసినప్పటి నుంచీ కుసుమకి అన్నం సయించడం లేదు. ఏ నెలలో ఏ పాఠం చదవాలో, ఎప్పుడు మళ్ళీ తిరగెయ్యాలో ఏడాది మొత్తానికీ రంగు పెన్నులతో గీసి పెట్టుకుంది ఆ మహాతల్లి. ముక్తేశ్వరంలోని ఆ ఇంట్లో తోటికోడళ్ళిద్దరూ బీ ఫార్మసీ చదివినవాళ్ళే. మొగుళ్ళిద్దరూ మస్కట్‌లో ఉన్నారు. అక్కడి లైసెన్సు పరీక్ష పాసైతే ఫార్మసిస్టు ఉద్యోగం, మొగుడితో కాపురం. పాసవకపోతే ఫోనులోనే కాపురం.

"చూడమ్మాయ్ కుసుమా, చిన్నదానికెంత పద్ధతో!" అంది అత్తగారు వీరాయమ్మ.

అంతే, కుసుమకి ఒళ్ళు మండిపోయింది. పెద్దకోడలు తను. ఈ ఇంటికి ముందొచ్చింది తను. కాలేజీలో మార్కులు కూడా తనకే ఎక్కువ. పొగడ్త మాత్రం గోడ మీద గీతలకా?

ఆ సాయంత్రమే తనూ ఒక ప్లాను వేసుకుంది. తెల్లారగట్ల లేచి, తలుపేసుకుని, గైడులో ప్రశ్నలన్నీ బట్టీ పట్టెయ్యాలి. దానికి ఒకటే అడ్డు. వీధిలో అందరికీ ఆమె 'మందులమ్మాయి'. అమలాపురం డాక్టరు రాసిన బిళ్ళలు పట్టుకుని, ఇదెప్పుడు వేసుకోవాలి, దాంతో ఇది కలపొచ్చా అని పొద్దస్తమానం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బాగా ఆలోచించి, కుసుమ ఆ అడ్డునంతా తీసుకెళ్ళి తోటికోడలి నెత్తిన పెట్టేసింది.

మర్నాడు పోలమ్మ బిళ్ళల అట్టలు చెంగున కట్టుకుని వచ్చింది. "కుసుమ గారండీ, ఈ గ్యాసు బిళ్ళ తినకముందెయ్యాలాండీ, తిన్నాకాండీ?"

"ఇవన్నీ నాకన్నా మా నాగదుర్గకే బాగా తెలుసండీ. అవతలి గదిలోకెళ్ళండి. ఇకమీదట అందర్నీ అటే వెళ్ళమనండి," అంది కుసుమ, గొంతులో తేనె పోసుకుని.

"ఆయ్, అలాగేనండీ."

ఇక చూడాలి. వీధి వీధంతా నాగదుర్గ గుమ్మంలోనే. ఆమెకి కాదనడం చేతకాదు. ప్రతి అట్టా తిప్పి చూస్తుంది, తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే పుస్తకం తెరిచి వెతికి మరీ చెబుతుంది. ఆషాఢంలో అవ్వాల్సిన పాఠం దసరాకి వాయిదా పడింది. చార్టంతా కొట్టివేతలే. తలుపు సందులోంచి అది చూసి కుసుమ కడుపు చల్లబడింది.

చల్లబడి ఎంతసేపు? షుగరు అదుపులోకొచ్చిందని ఎదురింటి దుర్గారావు గారు కొబ్బరి బొండాల గెల దింపించి పంపారు, నాగదుర్గకి. పోలమ్మ అరటి గెల మోసుకొచ్చింది, నాగదుర్గకే. 'నేను పంపితేనేగా వీళ్ళంతా అటెళ్ళింది!' అని కుసుమ లోపల్లోపల కుతకుత ఉడికిపోయింది. నాగదుర్గ తెచ్చిచ్చిన బొండాం కూడా ముట్టకుండా మళ్ళీ తలుపేసుకుంది.

ఇద్దరూ హైదరాబాదులో ఉన్న సెంటరుకి వెళ్ళి ఆ మస్కట్ పరీక్ష రాశారు. గైడులో ప్రశ్న ఒక్కటీ ఉన్నదున్నట్టు రాలేదు. ఒక ముసలాయన ఇప్పటికే ఫలానా మందులు వాడుతున్నాడు, వాటిమీద ఇది ఇవ్వొచ్చా అంటూ అన్నీ ఇలాంటివే అడిగారు. కుసుమ బట్టీ పట్టిందంతా కలగాపులగమైపోయింది. నాగదుర్గ పాసైంది. కుసుమ తప్పింది.

ఫలితం తెలిసిన రోజు నాగదుర్గ పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "అక్కా, ఆ ప్రశ్నలన్నీ మన వీధివాళ్ళేనక్కా! ఒకటి చూస్తే దుర్గారావు గారు, ఇంకోటి చూస్తే పోలమ్మ గారు. నువ్వు వాళ్ళని నా దగ్గరికి పంపకపోతే నేనెక్కడ పాసయ్యేదాన్ని?"

కుసుమకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఓడిపోయినందుకో, ఆ చేతులు అంత వెచ్చగా పట్టుకున్నందుకో ఆమెకే తెలియలేదు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది.

అంతలో వీరాయమ్మ కళ్ళొత్తుకుంటూ వచ్చి పెద్దకోడలి తల నిమిరింది.

"ఇంత మంచితనం ఎందుకే తల్లీ నీకు? వచ్చినోళ్ళందర్నీ చెల్లెలికి వదిలేసేవు. కాస్త నీ స్వార్థం నువ్వు చూసుకునుంటే, నువ్వూ పాసయ్యేదానివి కదే!"