మందంటే దవాయి

మా ఇంట్లో సారా, బ్రాందీ, రమ్ము అన్న మాటలు ఎవరూ పలకరు. చర్చి సంఘంలో పేరున్న కుటుంబం మాది. తప్పనిసరైతే గొంతు తగ్గించి 'మందు' అంటాం. ఆ ఒక్క మాట నా కొడుకు శామ్సన్‌ని బాలల న్యాయ బోర్డు ముందు నిలబెట్టింది. మాట మీదికి నెట్టేస్తున్నాను గానీ, నిలబెట్టింది నేనే.

ఓడలో వెళ్ళాల్సిన ఇంకో దీవి, హట్‌బేలో ఉన్న మా తమ్ముడు యిర్మియా ఫోన్ చేశాడు. "అక్కా, నడుం నొప్పికి నిద్దర పట్టడం నేదే. ఓ సీసా మందు పంపించు. నీ మరదలికి తెలీకూడదు," అని ఒకటే గోల. పక్కింటి లక్ష్ముడి చేత రమ్ము సీసా తెప్పించాను. పాత తువ్వాల్లో చుట్టి, శామ్సన్ సంచి అడుగున, ఎండుచేపల పొట్లం కింద కుక్కాను. బడి సెలవులకి వాడు మావయ్య దగ్గరికి వెళ్తున్నాడు. పదహారేళ్ళవాడు.

"మావయ్య మందు అడుగునుందిరా. పగలకుండా చూసుకో," అన్నాను.

"అచ్ఛా అమ్మా," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

వాడు పుట్టిందీ పెరిగిందీ అందరూ హిందీ మాట్లాడే ఈ దీవిలోనే. తాగేదాన్ని వాడి స్నేహితులు దారూ అంటారు. వాడికి మందంటే దవాయే, జబ్బుకి వేసుకునేదే. ఆ సంగతి నాకు తట్టనే లేదు, నా బుర్ర తగలెయ్య!

ఓడ ఎక్కే ఫీనిక్స్ బే జెట్టీలో సంచులు తనిఖీ చేస్తున్న కానిస్టేబులు "ఇస్‌మే క్యా హై?" అనడిగితే, వీడు ధైర్యంగా "మామా కీ దవాయి హై, భయ్యా" అన్నాడట. తువ్వాలు విప్పగానే క్యూలో వాళ్ళంతా పగలబడి నవ్వారట. ఓడలోకి మద్యం తేవడమే తప్పు, పైగా వేళాకోళమా అని కానిస్టేబులు వాణ్ణి పక్కకి లాగాడు. వాణ్ణి ఎక్కించుకోకుండానే ఓడ వెళ్ళిపోయింది.

కబురు తెలిసి స్టేషనుకి పరుగెత్తాను. ఆ సీసా నాదేనని చెప్పడానికే వెళ్ళాను, దేవుడి తోడు. గుమ్మం దగ్గరే ఉచిత న్యాయసహాయం లాయరు సుచరిత ఎదురైంది. మన తెలుగమ్మాయే.

"కంగారు పడకండమ్మా. పిల్లవాడు కదా, ఇలాంటి చిన్న కేసులో ఎఫ్ఐఆర్ ఉండదు. డైరీలో రాసుకుని బోర్డుకి పంపుతారు. సంచిలో ఉన్నంత మాత్రాన నేరం అయిపోదు. అది మద్యమని వాడికి తెలిసుండాలి. తెలియకపోతే వదిలేస్తారు."

"బతికించావు తల్లీ," అన్నాను.

"కానీ పెట్టిందెవరో కనుక్కుంటారు. పిల్లల చేత మద్యం మోయించిన పెద్దవాళ్ళకి ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇంతకీ ఆ సీసా ఎవరు పెట్టారమ్మా?"

ఏడేళ్ళు! నా కూతురు షెరిన్‌కి ఇంకా ఆరేళ్ళు. మా ఆయన పోయి మూడేళ్ళయింది. బడిలో వంట చేసి ఇద్దర్నీ సాకుతున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుని, "ఏమో మేడం, నాకేం తెలుసు," అంది.

బోర్డు పిలిచేదాకా వాణ్ణి నాతో పంపించారు. ఇంటికొచ్చాక శామ్సన్ నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఎవడో మావయ్య దవాయి తీసేసి దారూ పెట్టేశాడే. నేను సచ్ చెప్తే వదిలేస్తారు కదా?"

"ఊఁ," అన్నాను. ఆ పిచ్చి తండ్రికి నా మీద అనుమానమే రాలేదు.

బోర్డులో మేజిస్ట్రేటు మేడం వాణ్ణి మెల్లగానే అడిగింది, సంచిలో ఏముందో నీకు తెలుసా అని.

"అమ్మ 'మందు' అని చెప్పింది మేడం. మందంటే దవాయి."

అక్కడి గుమాస్తా గణపతి, శ్రీకాకుళం మనిషి, లేచాడు. "మేడం, తెలుగులో మందంటే దవాయి కూడా, దారూ కూడా," అన్నాడు హిందీలో.

శామ్సన్ గిర్రున నావైపు తిరిగాడు. వాడి మొహంలో రంగు పోయింది. అప్పుడు తెలిసింది వాడికి.

"మీరు ఏ అర్థంతో అన్నారమ్మా?" అని మేడం నన్నడిగింది.

చెప్పొచ్చు. ఒక్క మాట చెబితే నా కొడుకు తలెత్తుకుని ఇంటికి వెళ్తాడు.

"దవాయి మేడం. నొప్పి మాత్రలు, చిన్న డబ్బాలో ఇచ్చాను. ఈ సీసా సంగతి నాకు తెలియదు."

మేడం వాడివైపు చూసింది. వాడు మాత్రం నన్నే చూస్తున్నాడు. కాసేపటికి తల దించుకున్నాడు.

"జీ మేడం. అమ్మ మాత్రలే ఇచ్చింది. సీసా నేనే పెట్టుకున్నా. అమ్మకి మాలూమ్ నహీ."

సుచరిత కళ్ళు మూసుకుంది. ఆరు నెలలు ప్రతి శనివారం కౌన్సెలింగుకి రావాలని బోర్డు చెప్పింది. మేడం కోపంగా, "మీ అమ్మ ఇంత కష్టపడి పెంచుతుంటే ఇదా నువ్వు చేసేది? ముందు ఆవిడకి క్షమాపణ చెప్పు," అంది.

"సారీ అమ్మా," అన్నాడు వాడు.

నేను వాడి తల మీద చెయ్యి వేశాను. అందరూ చూస్తుండగా, క్షమించిన తల్లిలా. ఛీ, ఏం బతుకు నాది!

చాతం నుంచి మా ఊరు బంబూఫ్లాట్‌కి ఫెర్రీలో వస్తుంటే ఏడుపు ఆగలేదు. "నాన్నా, చెల్లి చిన్నదిరా..." అన్నాను.

"తెలుసమ్మా. రోనా మత్," అన్నాడు. మందలింపు కూడా లేదు. తిట్టినా బాగుండేది.

బళ్ళు తెరిచిన రోజు అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బా తెచ్చి వాడి సంచిలో పెట్టబోయాను. వాడు నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు.

"ఒగ్గేయమ్మా. నా సంచి నేనే సర్దుకుంటా."

పుస్తకాలన్నీ బయటికి తీసి నేల మీద పెట్టాడు. ఖాళీ సంచిలోకి చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమి చూసుకున్నాడు. మళ్ళీ ఒక్కొక్కటే సర్దుకుని బడికి వెళ్ళాడు.