ఆయప్పకి చెప్పండి

పగిలినవి ఎడమ పక్కకి, దోరవి కుడి పక్కకి, మచ్చ లేనివి ముందున్న క్రేటులోకి. మదనపల్లె టమాటా మార్కెట్టులో తెల్లవారకముందు నుంచీ నారాయణస్వామి చేతులు ఇదే పని చేస్తున్నాయి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని, పెళ్ళాం పోయాక కూడా వదల్లేదు. గోళ్ళ సందుల్లో పట్టిన టమాటా పసరు ఎన్నిసార్లు రుద్దినా పోదు. పొట్టివాడు, బక్కవాడు, వంగి వంగి నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. పదిమందిలో నిలబడితే పదకొండోవాడు ఉన్నాడని ఎవరికీ తట్టదు. ఈరోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వచ్చి, మాసిపోతుందని విప్పి, కవర్లో చుట్టి మేకుకి తగిలించి, బనీనుతోనే పనిలో కూర్చున్నాడు.

"ఏందప్పా నారాయణా, పెండ్లిసూపులకు పోతాండావా?" అన్నాడు మండీ యజమాని.

"పుంగనూరికి. ఇల్లు రిజిస్ట్రేషను ఉండాది."

"ఒంటి మనిషివి, బాడుగ ఇంట్లో సల్లగా ఉండక ఈ వయసులో నీకు సొంతిల్లు యాలప్పా?"

"సచ్చేదానికి," అన్నాడు నారాయణస్వామి.

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. జోకేశాడనుకున్నారు పాపం. నారాయణస్వామికి జోకులెయ్యడం పుట్టి బుద్ధెరిగాక చేతకాలేదు.

ఆ మాట వెనక శాంతకుమారి ఉంది. మదనపల్లె ఆస్పత్రిలో ఆమె ప్రాణం పోయినప్పుడు, వ్యానులో బాడుగ ఇంటి ముందుకు తీసుకొచ్చాడు. ఇంటి ఓనరు గేటు మూసి అడ్డం నిలబడ్డాడు. శవం దిగిందంటే ఇక ఆ పోర్షనులోకి ఎవరూ రారట! మొన్నమొన్నటి దాకా ఆమె చేతి కాఫీ తాగి లొట్టలేసినవాడే. వాడొక్కణ్ణీ అని లాభం లేదు, బాడుగ ఇళ్ళలో ఉండేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. బతకడానికి ఇస్తారు గానీ చావడానికి ఇవ్వరు. సరే, మనకు సొంతిల్లు లేకేం అనుకుని, అదే వ్యానులో పుంగనూరు పక్క పల్లెకి, తండ్రి కట్టిన ఇంటికి తీసుకెళ్ళాడు.

తలుపుకి తాళం. అన్న మునెప్ప లేడు, వదిన రెడ్డెమ్మ లేదు. వాళ్ళ కూతురు యమున పెళ్ళికి ఆ వారమే పసుపు దంచారు. పసుపు దంచిన ఇంట్లోకి శవం రాకూడదు. చావుకబురు చెవిన పడితే మైల, మైల పడితే పెళ్ళి ఆగుతుంది. కాబట్టి కబురు చెవిన పడకుండా చూసుకున్నారు. ఊరివాళ్ళ ద్వారా సంగతి పొక్కగానే తలుపుకి తాళం వేసి, ఫోను ఆపేసి, ఎటో వెళ్ళిపోయారు. ఎంత తెలివి! శాంతకుమారి ఆ ఇంటి అరుగు ముందర, వీధిలో, ఎండలో వ్యానులోనే పడి ఉంది. నారాయణస్వామి తాళం పట్టుకుని గుంజాడు. ఇత్తడి తాళం, పిడికిలంత ఉంటుంది. గుంజి గుంజి అరచెయ్యి చీరుకుపోయింది గానీ అది ఊడలేదు. అక్కణ్ణుంచి అటే శ్మశానానికి.

ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. తిట్టుకున్నా కాస్త నయంగా ఉండేది. తిట్టుకోవాలన్నా ముఖాలు చూసుకోవాలి కదా, అదీ లేదు. తప్పక ఎదురుపడితే మధ్యలో ఎవరినో పెట్టుకుని "ఆయప్పకి చెప్పండి" అంటారు. మనిషి దొరక్కపోతే గొడ్డుకి చెబుతారు, గోడకి చెబుతారు. ఈ పల్లెల్లో ఇదేం వింత కాదు, దూలానికి చెప్పుకుంటూ ఒకే ఇంట్లో కాపురాలు వెళ్ళదీసినవాళ్ళున్నారు.

ఇల్లు మాత్రం ఇద్దరిదీ. తండ్రి పంచలేదు, కొడుకులు పంచుకోలేదు. మునెప్పకి గుండె ఆపరేషనయ్యాక కుప్పంలో ఉన్న యమున తమ దగ్గరికి వచ్చెయ్యమని పట్టుబట్టింది. బయటివాళ్ళకి అమ్మేద్దామంటే తమ్ముడి సంతకం కావాలి, తమ్ముడు పెట్టడు. అలా ఏడిపించి ఏడిపించి, చివరికి ఆ సగం తానే కొంటానని కబురు పెట్టాడు నారాయణస్వామి. ఊరివాళ్ళు అన్న మీద ప్రేమనుకున్నారు. ప్రేమా, గాడిద గుడ్డా. రేపు తాను పోతే ఆ ఇంట్లోనే పడుకోబెట్టాలి, ఆ గడప మీదుగానే ఎత్తాలి. ఏ ఓనరూ వచ్చి గేటు ముయ్యకూడదు. అంతే అతను కోరుకున్నది.

ఎండ ఎక్కే వేళకి చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, బస్టాండు పక్కన అంగట్లో కొత్త తాళం ఒకటి కొన్నాడు. దాన్ని పంచె మడతలో దోపుకుని పుంగనూరు బస్సెక్కాడు.

దస్తావేజులు రాసే భీమరావు, అన్నదమ్ముల తగువులు చూసి చూసి విసిగిపోయిన మనిషి. రెండు కుర్చీలు పక్కపక్కన వేశాడు. మునెప్ప తన కుర్చీని గోడ వైపుకి తిప్పుకుని కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, చిక్కిపోయాడు. మీసం తెల్లబడినా ఇంకా మెలేసే ఉంది. రెండు మాటలకి ఒకసారి ఊపిరి ఎగబీలుస్తున్నాడు. రెడ్డెమ్మ గుమ్మం దగ్గరే నిలబడి కొంగు కొస నలుపుతోంది.

భీమరావు చదివాడు: "మునెప్ప అను నేను, నా తమ్ముడగు నారాయణస్వామికి మనఃపూర్వకముగా రాసి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు ఏమనగా..."

"సారూ, ఆ తమ్ముడగు అనేది కొట్టేయండి," అన్నాడు మునెప్ప గోడతో. "కొనేటాయప్ప అని రాస్తే సాలు."

"అట్ల కుదర్దప్పా. అన్నదమ్ములు కాబట్టే ఈ దస్తావేజు. స్టాంపు ఖర్చు తగ్గేదీ అందుకే."

"ఖర్చు ఆయప్పది, నాకేం?"

నారాయణస్వామి లేచి నిలబడ్డాడు. "ఆయప్పకి చెప్పండి సారూ, తమ్ముడు అనిపించుకోవాలని నాకేం మోజు లేదు. స్టాంపు ఖర్చు కోసం ఓర్సుకోని ఉండా."

"నేనేమన్నా మీ ఇద్దరి నడమ రాయబారినా?" భీమరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాయన పేరు ఇద్దరికీ ఒకటే పడింది. అదీ కొట్టేయమంటారా?"

మునెప్ప మాట మార్చాడు. "తలుపులు, దూలాలు ఇంటితో పాటే పోతాయి. బల్బులు, ఫ్యాను, తాళం మాత్రం నావి. అవి దస్తావేజులో లేవు. ఆయప్పకి చెప్పండి."

"సున్నం కూడా గీక్కోని పొమ్మని ఆయప్పకి చెప్పండి. ఇంకోమాట. ఈ పొద్దే కాళీ చెయ్యాల. రేపంటే కుదర్దు."

"సామాను ఎప్పుడో కట్టినాము నాయనా," అంది రెడ్డెమ్మ నెమ్మదిగా. ఆ మాటకి మునెప్ప ఆమెను కళ్ళతోనే కసిరాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు తీసుకున్నారు, ఫోటోలు దిగమన్నారు. రిజిస్ట్రారు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు, "ఈయన మీకేమవుతాడు?"

మునెప్ప కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పెద్దాయనా, మిమ్మల్నే."

"తమ్ముడు," అన్నాడు మునెప్ప. నోట్లో పడిన పుచ్చు వేరుశనగ గింజను ఉమ్మేసినట్టు అన్నాడు. అయినా ఆ మాట నారాయణస్వామికి తియ్యగా తగిలింది. ఛీ, ఈ మాటకి సంతోషం ఎందుకు రావాలి! తన మీద తనకే కోపం వచ్చి, సంతకం కాగితం చిరిగేట్టు పెట్టాడు.

పొద్దు వాలేసరికి పల్లెలో ఇంటి ముందు చిన్న లారీ ఆగి ఉంది. యమున మొగుడు దిలీప్ దాన్ని కుప్పం నుంచి తెచ్చాడు. మంచం, బీరువా, గోతాల్లో సామాను ఎక్కించి, రెడ్డెమ్మ అందిస్తుంటే తాడు కడుతున్నాడు. నారాయణస్వామి లోపలికి వెళ్ళి గది గదీ చూసుకున్నాడు. మునెప్ప అన్నంత పనీ చేశాడు. బల్బులు ఊడదీశాడు, ఫ్యాను దించాడు, గోడలకున్న మేకులు కూడా పీక్కున్నాడు. పెరట్లో కరివేపాకు చెట్టు కూడా మొదలంటా నరికేసి ఉంది. నరకనీ, మళ్ళీ మొలుస్తుంది.

బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, కొత్త తాళం వేశాడు. లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. గట్టిగానే ఉంది. జీవితంలో మొదటిసారి ఒక తలుపు తన మాట వింటోంది.

మునెప్ప అరుగు మీద, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తలగుడ్డ కనుబొమల మీదికి జారింది, కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో రెండు చేతుల మధ్య పాత ఇత్తడి తాళం. దాన్ని చూడగానే నారాయణస్వామి అరచెయ్యి మళ్ళీ మండినట్టయింది.

"స్తంభమా, ఆయప్పకి చెప్పు," అన్నాడు. "లారీ కట్టేసినారు. నా అరుగు దిగి ఎక్కమను."

మునెప్ప కదల్లేదు.

"సూడు స్తంభమా, ఎంత పొగరో! ఏలు ముద్ర ఏసినాడు, మళ్ళా వాళ్ళ నాయన ఇల్లు మాదిరి కూసోని ఉండాడు."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. చిన్నప్పటి నుంచీ అంతే, తప్పు తనదైతే మునెప్ప కళ్ళు మూసుకుంటాడు. నాయన బెత్తం తీసినా తెరిచేవాడు కాదు. అది గుర్తొచ్చేసరికి నారాయణస్వామికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనని మాటలన్నీ తోసుకుంటూ వచ్చాయి.

"ఆ పొద్దు నా పెండ్లాం ఈడనే ఉండె స్తంభమా. ఈ వీధిలోనే, ఎండలో. ఆమె నోట్లో గుక్కెడు నీళ్ళు పోద్దామంటే ఇంట్లోంచి చెంబు కూడా దొరకలే. ఈ యింటికి కోడలు గదా ఆమె! ఇదో, ఈ తాళమే ఏసుకోని పోయినాడు. పెండ్లి ఒక నెల ఎనక్కి పోతే ఏమయ్యేది? ఆయప్పని అడుగు, యాల పోయినాడో అడుగు. ఒక్క మాట చెప్పమను. తప్పయిందని వద్దు, ఇందుకు పోయినానని చెప్పమను, సాలు."

ఆగి, జవాబు కోసం చూశాడు. వీధి చివర ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. మునెప్ప పెదవి కూడా కదల్లేదు.

రెడ్డెమ్మ లారీ దగ్గర నుంచి వచ్చింది. "లేయయ్యా, పొద్దు పోతాండాది," అంటూ భుజం మీద చెయ్యి వేసింది. మునెప్ప స్తంభం వెంబడే పక్కకి జారి, మెల్లగా అరుగు మీదికి ఒరిగిపోయాడు. తాళం ఒళ్ళోంచి జారి నాపరాయి మీద టంగుమంది.

రెడ్డెమ్మ కేక పెట్టలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, గుండె మీద చెవి ఆనించింది. తర్వాత తలెత్తి తలుపు వైపు, దానికున్న కొత్త తాళం వైపు చూసింది. ఆ చూపు నారాయణస్వామికి తగిలింది.

"దిలీపూ, బీరువా పక్కకి జరిపి మీ మామకి కాస్త జాగా చెయ్యి నాయనా. ఇట్లనే కుప్పం పోదాము." ఆమె నారాయణస్వామి ముఖం చూడలేదు. "ఇది నీ ఇల్లప్పా. నిన్ను అడిగే మొగం మాకు లేదు."

"ఇప్పుడు తెలిసిందా?" అనాలి. ఇన్నేళ్ళు ఆ ఒక్క మాట కోసమే బతికాడు, అదిప్పుడు నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది కూడా. కానీ తాను ఎంతసేపటి నుంచి శవంతో మాట్లాడుతున్నాడో అతనికి తెలియలేదు. అరుగు దిగమన్నప్పుడు ఉన్నాడా? శాంతకుమారి సంగతి విన్నాడా? విని, చెప్పడానికి ఏమీ లేక పోయాడా? ఇక అడగడానికి స్తంభం తప్ప ఎవరూ లేరు. మామూలుగా మనుషులు మాట్లాడుకున్నట్టు మాట్లాడి ఉంటే, పలకలేదేమని అప్పుడే భుజం పట్టి కుదిపేవాడు కదా.

పంచె మడతలో తాళంచెవి వెతుక్కున్నాడు. కొత్త తాళం బిగుసుకుపోయి ఒక పట్టాన తిరగలేదు. తిరిగాక, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి వచ్చి, అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్నా," అన్నాడు. మధ్యలో ఎవరినీ పెట్టుకోలేదు. "లే అన్నా. లోపలికి పోదాం."

భుజాల కింద తాను చేతులు వేశాడు, దిలీప్ కాళ్ళు పట్టుకున్నాడు. ఎంత పొడుగు మనిషి, ఇంత తేలికా! గడప దాటించి, రెడ్డెమ్మ లారీలోంచి లాగి నడవలో పరిచిన చాప మీద పడుకోబెట్టేసరికి లోపల చీకట్లు కమ్ముకున్నాయి.

"వదినా, బల్బు ఏ మూటలో ఉండాది?"

ఆ మాటకి రెడ్డెమ్మ ఏడ్చింది. ఇల్లంతా దద్దరిల్లేట్టు, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేట్టు ఏడ్చింది. దిలీప్ లారీ తాడు విప్పి, గోతాం వెతికి బల్బు, ఒక స్టూలు తెచ్చాడు. నారాయణస్వామి స్టూలెక్కి దాన్ని బిగించాడు. వెలుగు మునెప్ప ముఖం మీద, మెలేసిన మీసం మీద పడింది. స్టూలు దిగి, అన్న తల పక్కనే కూలబడ్డాడు.

"సూసినావా వదినా. నేను సచ్చేదానికని కొనుక్కున్న ఇల్లు. దీంట్లో కూడా అన్నే ముందర," అన్నాడు. అని, మార్కెట్టు పసరు పోని చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. లోపల చోటు చాలనివాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. అడ్డంగా ఉందని ఎవరో పాత ఇత్తడి తాళాన్ని స్తంభం మొదటికి జరిపారు. దాని తాళంచెవి దానికే పెట్టి ఉంది.