రెండు కాళ్ళకూ ఒకే అంకె

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ వర్క్‌షాపులో కంప్యూటరు మీద బొమ్మలు గీసేది ఒక్కతే. అక్కడి పనివాళ్ళలో అందరికంటే చిన్నదైనా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. మోకాలి కింద ఎడమకాలు పోగొట్టుకున్న ఆమె తమ్ముడు అక్కడికి రావడం మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దస్తమానం ఆ పిలుపుతో షెడ్డు మారుమోగించాడు. మిగతావాళ్ళ నోటికీ అదే పట్టుబడింది.

ఆమె గీసే కాలు ఒక ఉమ్మడి కుటుంబం. గొట్టం మందం, బోల్టు రంధ్రం, బిగింపు వెడల్పు అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. అక్కడ ఒక అంకె మారిస్తే గొట్టమూ, దాన్ని పట్టుకునే బిగింపూ, కింది పాదమూ తమంతట తామే సర్దుకుంటాయి. దాన్ని చూసి ఆమెకు కాస్త గర్వం కూడా. అయితే ఒకరి కాలికి నకలు తీసి ఇంకొకరికి వాడేటప్పుడు కొత్త కాలికి సొంత పట్టిక ఇచ్చి వేరు కాపురం పెట్టించాలి. వందసార్లు చేసిన పనే. తమ్ముడి కాలికి మాత్రం మర్చిపోయింది. నకలు తీస్తున్నంతసేపూ వాడు పక్కనే నిలబడి చెవికోసిన మేకలా అరుస్తుంటే ఎవరికైనా ఏం గుర్తుంటుంది!

నకలు తీసింది గున్న కాలికి. అతనికీ పోయింది ఎడమకాలే. గున్న హమాలీ. తొంభై ఎనిమిది కిలోల మనిషి, ఆపైన మోసే బరువు వేరే. తమ్ముడు యాభై రెండు కిలోల బక్కప్రాణి. మొన్న వాడు కాలు బరువుగా ఉందని గునిస్తే గొట్టం మందం మూడు మిల్లీమీటర్ల నుంచి రెండుకు దించింది. వాడికి రెండు చాలు.

పదకొండు గంటలకు లేతు మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి ఆమె బల్లకు ఆనుకున్నాడు.

"గున్నకి కూడా ఈసారి సన్న గొట్టమే ఇచ్చావే అక్కా. పాతది అరిగిపోయిందంటే నిన్న సాయంత్రం కొత్తది తీసి బిగించా. దూదిలా ఉందని మురిసిపోయాడు పాపం."

"సన్నదేంటి?"

"రెండేగా. నీ డ్రాయింగులో ఉన్నదే."

అక్క గున్న ఫైలు తెరిచింది. రెండు. తమ్ముడి ఫైలు తెరిచి ఆ అంకె ఎక్కడినుంచి వస్తోందో చూసింది. గున్న పట్టిక నుంచే. తమ్ముడి కాలనుకుని ఆమె మార్చింది ఇద్దరి కాళ్ళనూ.

గున్నకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"పనిలో ఉంటే చొక్కా, ఫోను వ్యాన్‌లో పడేస్తాడు," అన్నాడు మేస్త్రి. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "వెనక వీధిలో ఎవరో ఇల్లు మారుతున్నారట. లిఫ్టు లేదు, నాలుగో అంతస్తుకి బీరువా ఎక్కించాలన్నాడు."

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. అద్దంలో తన నడక చూసుకుంటున్న తమ్ముడు ఏమైందని అడక్కుండానే వెంట పరిగెత్తాడు. దారిలో రెండు ముక్కల్లో చెప్పింది.

సందు మలుపులో వ్యాన్ ఉంది. సీటు మీద చొక్కా, చొక్కా మీద ఫోను. బండి ఖాళీగా ఉంది, అంటే బీరువా అప్పటికే మెట్ల మీద ఉంది. తమ్ముడే ముందు మెట్లందుకుని రెండేసి మెట్లు ఎక్కేశాడు. ఆ కాలు అంత తేలిగ్గా కుదిరినందుకు ఆమెకు ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ వెంటనే సిగ్గు వేసింది.

మూడో అంతస్తు దాటాక కనిపించారు. పైన తోటి హమాలీ బీరువా అంచు పట్టుకుని వెనక్కి ఎక్కుతున్నాడు. కింద గున్న, భారమంతా వీపు మీద వేసుకుని, కుడికాలు పై మెట్టు మీద, ఎడమకాలు కింది మెట్టు మీద. కుడికాలు ఇంకో మెట్టు ఎక్కాలంటే ఆ కాస్తసేపు మొత్తం బరువు ఎడమ గొట్టం మీదికి రావాలి.

కేక వేస్తే ఉలిక్కిపడతాడు. ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, నేను, వర్క్‌షాపు అక్కని. అడుగు వెయ్యకు. బరువంతా కుడికాలి మీదే ఉంచు."

"ఇప్పుడా అక్కా కబుర్లు?"

"ఎడమకాలు ఆగదన్నా. తప్పు నాది. తర్వాత తిట్టు. ఇప్పుడు మాత్రం కదలకు."

గున్న మెడ మీద నరం ఉబ్బింది. కదలలేదు. ఆమె వారించేలోపే తమ్ముడు పక్కనుంచి దూరి బీరువా కింద భుజం పెట్టేశాడు.

"ఒరేయ్, నీదీ అదే గొట్టం రా!"

"కుడికాలి మీదే ఉన్నాలే అక్కా. నువ్వూ రా ముందు."

ఆమె రెండో పక్క దూరింది. పైవాడిని తాడు తీసి బీరువాను రెయిలింగుకు కట్టమంది. వాడు ఒంటిచేత్తో తాడు వెతుకుతుంటే బీరువా జానెడు కిందికి జారింది. గున్న ఎడమకాలి దగ్గర టిక్కుమని చప్పుడు. నలుగురికీ వినిపించింది.

"తొందరగా కట్టు నాయనా," అన్నాడు గున్న మెల్లగా.

మొదటి ముడి జారిపోయింది. రెండోది పడింది. బీరువా కింది అంచు మెట్టు మీద ఆనింది, తాడు బిగిసింది, భుజాల మీద బరువు తగ్గింది. తమ్ముడు గోడకు జారగిలబడి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

గున్న అక్కడే కూర్చుని కాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బిగింపు కింద గొట్టం ఒక పక్క సొట్టపడి, వంపు మీద వెంట్రుకంత పగులు. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఎంత తక్కువ చేశావు?"

"ఒక మిల్లీమీటరు. తమ్ముడికి మార్చాననుకున్నాను. నీకూ మారిపోయింది. చూసుకోలేదు."

ఆమె తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"పొద్దున బడికి ఆలస్యమైందని," అన్నాడు గున్న, "మా పాపని భుజాల మీద ఎక్కించుకుని మూడంతస్తులు దిగాను. దీని మీదే."

అక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుంది. ఆ మెట్ల మీద ఏడ్చే హక్కు ఉంటే గున్నకే ఉంది. పగిలిన కాలు తీసుకుని దిగిపోయింది. తమ్ముణ్ణి అతనికి తోడుగా ఉంచింది.

వర్క్‌షాపులో ముందు తమ్ముడి కాలికి వేరే పట్టిక కట్టింది. తర్వాత గున్న పట్టికలో మూడు వేసింది. మేస్త్రి లేతు దగ్గర మాట్లాడకుండా గొట్టం తీశాడు. ఆమె మూడుచోట్ల కొలిచి, కాలికి బిగించి, గంటన్నరలో మళ్ళీ ఆ మెట్లెక్కింది. గున్న కూర్చున్నచోటే ఉన్నాడు. ఒంటికాలి మనిషి ఎక్కడికి పోతాడు!

కాలు అందుకున్నాడు గానీ తొడుక్కోలేదు. దాన్ని తిప్పి చూసి ఆమె చేతికే ఇచ్చాడు.

"కొలిచావా?"

"మూడుసార్లు."

"గొట్టం విప్పి నా ముందు కొలిచి చూపించు."

ఆమె మెట్టు మీద కూర్చుని బోల్టులు విప్పింది. సంచిలోంచి మందం కొలిచే వెర్నియర్ తీసి గొట్టం అంచుకు పట్టింది. తమ్ముడు గొట్టం రెండో కొస పట్టుకున్నాడు.

"మూడు," అంది.

గున్న అంకె వంక చూడలేదు, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇంకోసారి," అన్నాడు.