మార్సెల్ తల్లి కద్దిష్

ఎగోన్ ఫిష్‌మన్ నోట "ఇష్టం" అన్న మాట వినపడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పళ్ళ డాక్టరు, మా యూదు సంఘానికి అధ్యక్షుడు. మూడేళ్ళ కిందట వియన్నాలో ఏవో తరగతులకు వెళ్ళొచ్చి, ధర్మంలోకి తిరిగొచ్చానని చాటుకున్నాడు. మందిరం ఎదురుగా ఇల్లు కొన్నాడు. సబ్బాతు, పని ముట్టకూడని రోజని, శనివారాలు ఆసుపత్రి మూసేస్తాడు. సొంత ఆసుపత్రి మరి, అడిగేవాడెవడు? మేమేమో ఎక్కడికీ పోలేదు, తిరిగి రావడానికి.

మార్సెల్ సిటీ బస్సు డ్రైవరు. శనివారం డ్యూటీ తప్పదు. రెండుసార్లు సెలవడిగితే ఉద్యోగం పీకేస్తామన్నారు. మొన్న శనివారానికి వాళ్ళమ్మ పోయి ఏడాది. పోయినవాళ్ళ కోసం కద్దిష్ ప్రార్థన చెప్పాలంటే పదిమంది మగవాళ్ళుండాలి. ముసలివాళ్ళు ఎనిమిదిమంది, ఎగోన్‌తో తొమ్మిది. బస్సు ఆఖరి స్టాపు మా వీధి చివరే, అక్కడ పన్నెండు నిమిషాలు ఆగుతుంది. మార్సెల్ యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చాడు.

గుమ్మంలో ఎగోన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సబ్బాతునాడు బస్సు తోలుకొచ్చినవాణ్ణి పదిమందిలో కలపను."

"మా అమ్మ కోసం డాక్టరుగారూ. ఐదు నిమిషాలు."

"ఎవరి బలవంతమూ లేదు మార్సెల్. ధర్మమంటే ఇష్టపడి ఎంచుకునేది. నేను ఎంచుకున్నాను. నువ్వూ ఎంచుకోవచ్చుగా?"

ఇక నావల్ల కాలేదు. "నీదేం పోయింది నాయనా! సొంత తలుపు, సొంత తాళం, మూసుకున్నావు. వాడు బస్సు ఆపేస్తే వాడి పిల్లలకి నువ్వు పెడతావా తిండి? యూదులమని చెప్పుకోడానికే భయపడే రోజుల్లో ఇక్కడ దీపం పెట్టింది వీళ్ళమ్మ. అప్పుడు మీ నాన్న బుకారెస్ట్‌లో కమ్యూనిస్టు పార్టీ కుర్చీలో కూర్చుని మమ్మల్ని ఎరగనట్టు ఉన్నాడు!"

"రేజీ అత్తా, వద్దులే," అన్నాడు మార్సెల్.

ఎగోన్ మొహం ఎర్రబడింది. "అయితే నేనే పోతాను. ఉండకపోవడం కూడా నా ఇష్టమే." వీధి దాటి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ తొమ్మిదిమందే. మార్సెల్ గడియారం చూసుకున్నాడు. ప్రార్థన చదివించే పెద్దాయన హెర్షు వైపు తిరిగాను.

"అన్నా, లెక్కపెట్టు."

"తొమ్మిదేగా రేజీ."

"నన్నూ కలిపి."

మా మందిరంలో ఆడదాన్ని కలపడం ఏనాడూ లేదు. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టం మేము. పది మాటల కీర్తన వాక్యం ఒకటుంది, మనిషికో మాట చొప్పున చెబుతాం. హెర్షు మొదలుపెట్టాడు. తొమ్మిదో మాట తనమీదే వేసుకుని ఆగాడు. నావైపు చూసి పదో మాట పలికాడు.

మార్సెల్ తడబడుతూ కద్దిష్ ముగించి, నా చెయ్యి నొక్కి పరుగు తీశాడు. వాళ్ళమ్మ నా స్నేహితురాలు. సంతోషం కాక మరేమిటి? అయినా కోపం చల్లారలేదు. నలభై ఏళ్ళుగా ఆ మందిరం ఊడుస్తున్నాను. ఒక మగవాడు అలిగి వెళ్ళిపోతేగానీ నేను లెక్కకు రాలేదు.

"మరి వచ్చే శనివారం, అన్నా?" అని అడిగాను.

హెర్షు పుస్తకం మూస్తూ, "డాక్టరుగారు వచ్చేస్తార్లే," అన్నాడు.