మిషన్ ఇచ్చేసిన వెర్లీన్

సర్కారు సాయం అప్లికేషన్‌లో ఆ గడి చాలా చిన్నది. "పని ఎందుకు పోయింది?" అన్న ప్రశ్నకి ఎదురుగా రెండు మాటలకే చోటు. "పని లేక" అని రాసి ఊరుకుంటే సరిపోయేది. కానీ వెర్లీన్ స్ట్రౌడ్ రెండు మాటలతో ఊరుకునే మనిషి కాదు. గడి దాటి, కాగితం అంచు వెంబడి తిప్పి తిప్పి రాసింది: "టామ్రాకి ఇద్దరు పసిపిల్లలు. అందుకని నా మిషన్ తనకి ఇచ్చేశాను."

ఆ సాక్సుల మిల్లులో అదొక మర్యాద. ఆర్డర్లు తగ్గి ఎవరినో ఒకరిని ఇంటికి పంపాల్సి వస్తే, పిల్లలు ఎదిగిన ఆడవాళ్లలో ఒకరు చేయెత్తి "నా మిషన్ ఇచ్చేస్తున్నా" అనేవారు. పసిపిల్లల తల్లి పనిలో మిగిలేది. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా సాక్సుల వేళ్ల దగ్గర మూతి కుడుతున్న వెర్లీన్ మార్చి నెలలో అలాగే చేయెత్తింది. ఆగస్టుకల్లా మిల్లు మిల్లంతా హోండురాస్ దేశానికి తరలిపోయింది. టామ్రా కూడా రోడ్డున పడింది.

సరుకు విదేశాల్లో తయారవడం వల్ల పనులు పోగొట్టుకున్నవాళ్లకి సర్కారు కొత్త చదువు చెప్పిస్తుంది. ఫీజు, పుస్తకాలు, చదివినన్నాళ్లూ భృతి. మార్చి నుంచి పని పోయిన వాళ్లందరికీ ఆ సాయం మంజూరైంది. టామ్రా అప్పుడే నర్సింగు కోర్సులో చేరిపోయింది. వెర్లీన్ కూడా యాభై నాలుగేళ్ల వయసులో, కళ్లజోడు తుడుచుకుంటూ ప్రవేశపరీక్ష రాసి పాసైంది. సోమవారం నుంచి క్లాసులు. ఇంతలో ఉత్తరం వచ్చింది: "తనంతట తానే పని మానుకున్నారు కనక అర్హత లేదు." సాయం లేకపోతే ఆమె కాలేజీ గుమ్మం తొక్కడం కుదరదు. అప్పీలు పెట్టుకుంది.

విచారణకి ముందురోజు సాయంత్రం టామ్రా వచ్చి వంటింట్లో కూర్చుంది.

"మిస్ వెర్లీన్, రేపు 'తీసేశారు' అనండి చాలు. ఒక్క ముక్క! మీ నోరు అరిగిపోతుందా?"

"అబద్ధమాడమంటావా?"

"ఆ మిల్లు మనతో ఎన్ని ఆడలేదండీ?"

"ఆడితే ఆడనీ. ఇచ్చానని ఊరంతా తెలుసు. ఇప్పుడు లాక్కున్నారని చెప్పనా? ముందు ఆ మొక్కజొన్న రొట్టె తిను, చల్లారిపోతోంది."

"మొండి ఘటం," అని గొణుగుతూ టామ్రా రొట్టె తుంచింది.

విచారణ గదిలో అధికారిణి నెమ్మదైన మనిషి. పాపం, వెర్లీన్‌కి దారి చూపించాలనే చూసింది.

"ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా వెళ్లిపొమ్మన్నారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"లేదమ్మా. నేనే చేయెత్తాను."

వెనక బెంచీలో టామ్రా తల పట్టుకుంది.

ఆ తర్వాత అధికారిణి పిలిపించిన సాక్షి డ్వైట్ హఫ్‌మన్. వాళ్ల సెక్షన్‌కి సూపర్‌వైజరుగా చేసినవాడు. మిల్లుతోపాటు అతని పనీ పోయింది. వెర్లీన్ వైపు చూడకుండా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఆ రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి తీసేయాల్సినవాళ్ల లిస్టు వచ్చిందండీ. మా సెక్షన్‌లో ఒకటే పేరు. వెర్లీన్ స్ట్రౌడ్."

"టామ్రా పేరు?"

"ఆ అమ్మాయి పేరు లేనే లేదు."

"మరి ఈవిడకి ఆ సంగతి చెప్పలేదా?"

"చెబుదామనే వెళ్లానండీ. నేను నోరు తెరిచేలోపే చేయెత్తేసింది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. టామ్రా ఏడుస్తూ ఆవిడ్ని కౌగిలించుకుంది. ఇంక నాకు నోరు పెగల్లేదు." అప్పుడు ఆమె వైపు తిరిగి, "నన్ను క్షమించు వెర్లీన్," అన్నాడు.

అధికారిణి కాగితం రెండుసార్లు చదివింది. "తీర్పు పోస్టులో వస్తుంది. ఈలోగా కాలేజీలో సీటు మాత్రం వదులుకోకండి," అంది నవ్వుతూ.

టామ్రా ఆమెని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కార్ల మధ్య చిన్నపిల్లలా గెంతింది. "గెలిచారు మిస్ వెర్లీన్! అబద్ధం ఆడకుండానే గెలిచారు!"

వెర్లీన్ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మిల్లు గేటుకి తాళం పడ్డ రోజున కూడా ఆమె కంట నీరు చూసినవాళ్లు లేరు. ఇప్పుడు మాత్రం గుండె పగిలినట్టు ఏడ్చింది. టామ్రా ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

"నిన్నటిదాకా నా పని పోలేదు తల్లీ, నేనిచ్చాను," అంది వెర్లీన్. "ఇవాళ పోయింది."