గడి మీద బొట్టు

జయమణి నుదుటి మీద బొట్టు పొద్దున స్నానం నుంచి మధ్యాహ్నం అంట్లు తోమేదాకానే ఉంటుంది. ఆ తర్వాత అది హంసల బొమ్మలోకి వెళ్లిపోతుంది.

ఆ హంసల గడుల కాగితం పక్కవాటా రాజ్యశ్రీది. ఇచ్చేటప్పుడే షరతు పెట్టింది. "పెన్సిలు గీత పడకూడదు జయా. పిన్ను గుచ్చకూడదు. నీ తర్వాత మా చెల్లెలికి పోవాలది."

మ్యాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టంటే కాగితం మీద ఒక గడికి గుడ్డ మీద ఒక గడి. ఎక్కడ ఆపామో గుర్తు లేకపోతే ముక్కొకచోట, మెడొకచోట. గుర్తుకి మొదట బియ్యపు గింజ పెట్టి చూసింది. పాలు పొంగుతుంటే లేచి వెళ్లొచ్చేసరికి చీమలు లాక్కుపోయాయి. కందిబద్ద పెట్టింది. "పప్పు నేలపాలు చేస్తావేంటే" అని అత్తగారు రాఘవమ్మ దాన్ని ఏరి డబ్బాలో వేసింది. చివరికి నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి గడి మీద అంటించింది. అది కుదిరింది. ప్యాకెట్లోంచి తీసిన కొత్త బొట్టు పనికిరాదు, దాని జిగురుకి కాగితం మీద అచ్చు ఊడివస్తుంది. ఒక పూట ముఖాన ఉండి చెమట పట్టిన బొట్టయితే ఉండమన్నచోట ఉంటుంది, రమ్మంటే వస్తుంది. ఆ ఇంట్లో అట్లాంటిది ఇంకొకటి లేదు.

జగ్గయ్యపేటలో రెండు గదుల వాటా. మొగుడు నరేంద్ర సిమెంటు ఫ్యాక్టరీలో వారానికో షిఫ్టు. ఆయన నిద్ర లేచిన వేళే ఇంటికి పొద్దున. అత్తగారికి కళ్లల్లో శుక్లాలు. ఆవిడకి సూది దారం దగ్గర్నుంచి చెంబు దాకా ఏది కావాలన్నా జయమణి లేవాలి. లేచి వచ్చి కూర్చుంటే మళ్లీ ఎవరో పిలుస్తారు. చిల్లకల్లులో హైవే పక్కన కొత్తగా పెట్టిన కాన్వెంటువాళ్లు కుట్లు నేర్పే టీచరు కావాలన్నారు. నందిగామలో పెట్టే కుట్లు-అల్లికల పరీక్ష ప్యాసైతే తీసుకుంటామన్నారు. జీతం సంగతి అటుంచి, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఒకచోట కూర్చుని, మొదలుపెట్టిన వరస చివరిదాకా కుట్టొచ్చన్నదే జయమణి ఆశ. పరీక్షకి ఇంటి దగ్గర కుట్టిన నమూనా ఒకటి పూర్తి చేసి చూపించాలి. సగం కుట్టినది తీసుకోరు.

పరీక్ష రేపనగా మధ్యాహ్నం, సూది చేతిలో ఉండగానే గోడకి ఆనుకుని కునుకు తీసింది. మెలకువ వచ్చేసరికి నుదుటి మీద ఏదో తగిలింది. తడిమి చూసుకుంటే బొట్టు. కాగితం మీద బొట్టు లేదు.

"అత్తయ్యా, దీన్ని ఎక్కణ్ణుంచి తీశారు?"

"నీ కాగితం మీంచే. మొగుడు గుండ్రాయల్లే ఉండగా ఆ బోసిముఖమేంటే? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"ఏ గడి మీంచి తీశారు?"

"నాకు కాగితమే మసగ్గా కనపడుద్ది. గడులు కూడానా?"

అరిచి లాభం లేదు, అరిచే ఓపికా లేదు. గుడ్డా కాగితమూ పక్కపక్కన పెట్టుకుని, ఇదే అయ్యుంటుందనుకున్న గడి నుంచి మొదలుపెట్టింది. దీపాలవేళకి రెండో హంస ముక్కు దగ్గరికి వచ్చింది. ఎదురెదురు హంసల ముక్కులు రెండూ నడుమ ఆనుకోవాలి. ఇది ఒక వరస కిందకి వచ్చింది.

నరేంద్ర తొంగిచూశాడు. "ఒక్క వరసేగా. ఎవడు చూస్తాడే?"

"వాళ్లు చూసేది అదేనండి. మీ బ్లేడొకసారి ఇవ్వండి."

"ఇస్తా గానీ మొండి చెయ్యబాక. రేపు గడ్డం గీసుకోవాలి."

బ్లేడుతో కోసి, సూదితో ఒక్కో పోగూ లాగుతూ, మధ్యాహ్నం నుంచి కుట్టినదంతా విప్పింది. కుట్టినప్పటికంటే విప్పేటప్పుడే మెడ ఎక్కువ నొప్పి పుట్టింది. విప్పినంత మేరా తిరిగి కుట్టేసరికి కళ్లు మూతలు పడ్డాయి. ముక్కులూ, కింద నీళ్లూ మిగిలిపోయాయి.

పొద్దున బయల్దేరుతుంటే రాఘవమ్మ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చేసిన పనికి లోపల బాధగానే ఉంది, బయటికి అనదు. "బస్సుల్లో గొలుసులు తెంపుతున్నారంట" అని కోడలి పుస్తెలూ నల్లపూసలూ తన చేత్తోనే జాకెట్లోకి తోసి, పైన పమిట నిండా కప్పింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారానికి తట్టుకుంటాయని గాజులు తీసి సంచిలో వేసింది. నుదుటికి పెట్టుకున్న నిన్నటి బొట్టే తీసి గడి మీద పెట్టింది. బస్సు పరుగెత్తేటప్పుడు సూది వేలికి దిగుతుంది. అందుకని ఆగిన ప్రతిచోటా నాలుగు కుట్లు వేసింది. పక్కసీట్లో మేకపిల్లని ఒళ్లో పెట్టుకున్న ముసలాయన కాసేపు చూసి, "దిగినాక కుట్టుకోరాదా తల్లీ?" అన్నాడు.

"దిగినాక టైముండదు తాతా."

నందిగామ వచ్చేసింది. నీళ్లు అయ్యాయి, ముక్కులు కాలేదు.

పరీక్ష పెట్టిన బడిలో అందరూ బెంచీల మీద నమూనాలు పరిచారు. పరీక్ష చేసే చూడామణిగారు ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ వచ్చి జయమణి దగ్గర ఆగింది.

"ఇది పూర్తి కాలేదేమ్మా?"

"కొంచెమే ఉందండి."

"కొంచెమైనా తీసుకోకూడదు. తెలిసే వచ్చావుగా?"

అంటూనే ఆవిడ ముఖంలోకి చూసింది. బోసి నుదురు, బోసి చేతులు, కళ్ల కింద నలుపు. గొంతు తగ్గించింది. "అయ్యో. ఇంత చిన్న వయసులో పోగొట్టుకున్నావా తల్లీ?"

జయమణికి అర్థమవడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. పుస్తెలు పైకి తీస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. కానీ తీస్తే ఈవిడ పక్క బెంచీకి వెళ్లిపోతుంది. చెయ్యి అక్కడే ఆగింది. తల దించుకుంది.

"ఏడవబాకమ్మా. భోజనాల బెల్లు దాకా టైముంది, ఆ మూల కూర్చుని పూర్తి చేసుకో. ఎవరైనా అడిగితే నేను చెప్తాలే."

మూలకి వెళ్లి, మట్టెల కాళ్లు చీరకుచ్చెళ్ల కిందికి లాక్కుని కూర్చుంది. ఒక వరస కుట్టి, బొట్టు కింది వరసలోకి జరిపి, ఇంకో వరస. ఎవరూ పిలవలేదు. పాలు పొంగలేదు. ఈ గుడ్డ మొదలుపెట్టాక లేవకుండా ఇంతసేపు కుట్టడం ఇదే మొదలు. ముక్కులు రెండూ గడికి గడి ఆనుకున్నాయి. బొట్టు తీసి నుదుటికి పెట్టుకోబోతే జిగురు చచ్చి రాలిపోయింది.

చూడామణిగారు గుడ్డ తిరగేసి వెనకపక్క చూసింది. ముడులు లేవు. పేరు పక్కన టిక్కు పెట్టి, జయమణి భుజం తట్టింది. "నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావు. పోయినవాళ్లని తలుచుకుని కుంగిపోబాక."

జయమణి ఇల్లు చేరేసరికి నరేంద్ర షిఫ్టు దిగొచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కనురెప్పల మీద ఇంకా సిమెంటు పొడి. "ఇంతసేపేంటే? ఆకలికి చచ్చిపోతున్నా ఇక్కడ."

"ఆ మాటనకండి."

ఆ విసురుకి నరేంద్ర ఏం జరిగిందో తెలీక చూశాడు. ఆమె నేరుగా లోపలికెళ్లి, ప్యాకెట్లోంచి కొత్త బొట్టు తీసి అద్దం కూడా చూడకుండా పెట్టుకుంది. పుస్తెలు బయటికి తీసి కళ్లకద్దుకుంది.

"అయిందా?" మంచం మీంచి రాఘవమ్మ అడిగింది.

"అయింది అత్తయ్యా."

"వాళ్లు బాగా చూశారా?"

"చూశారు."

అన్నం వడ్డించి, నెయ్యి ఒక గరిటె ఎక్కువ వేసింది. నరేంద్ర కంచం వంక చూశాడు. "పండగేం లేదే ఇవాళ?"

"తినండి."

నాలుగు ముద్దలు తిన్నాక అడిగాడు. "అవునూ, పూర్తి కాలేదన్నావుగా. మరి ఎట్టా ఒప్పుకున్నారు?"

జయమణి గోడకి ఆనుకుని కూర్చుంది. వేలి చివర సూది దిగినచోట సలుపుతోంది. పక్కవాటాలోంచి రాజ్యశ్రీ, "జయా, నా కాగితం" అని కేకేస్తోంది. లేవబుద్ధి కాలేదు.

"అంతా మీ పుణ్యమేనండి" అంది.

నరేంద్ర మురిసిపోయి, ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు.